తగ్గిన అంకె

కదలొద్దన్నాడు టెక్నీషియన్. ఊపిరి మామూలుగా తీసుకోవచ్చు, కళ్ళు మూసుకోవచ్చు, కావాలంటే నిద్ర కూడా పోవచ్చు, నడుము మాత్రం బల్లకి అంటుకుపోయినట్టు ఉండాలి, గంటలోపే అయిపోతుంది అని చెప్పి, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, నా చేతిలో నరం వెతికి సూది గుచ్చి, అద్దం వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. నిద్ర పోవచ్చట. రెండు సీసాల నీళ్ళు తాగించి, పడుకోబెట్టి, నిద్ర పొమ్మనడం ఏ శాస్త్రంలో ఉందో. నడుము కింద బల్ల, బల్ల కింద కెమెరా. ఇది ఫొటోలు తీసే కెమెరా కాదు, లెక్కపెట్టే కెమెరా. ఇప్పుడు ఎక్కించిన మందు రవ్వంత కిరణాలు విడుస్తూ నా రక్తంలో తిరుగుతుంది, కిడ్నీల్లోకి చేరుతుంది, కిడ్నీలు దాన్ని వడకట్టి కిందికి పంపేస్తాయి, ఎంత చేరింది, ఎంత వేగంగా పోయింది అన్నది కెమెరా లెక్కపెట్టి అవతలి గదిలో తెర మీద గీత గీస్తుంది. గబగబా పైకెక్కి, కొసన ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా జారే గీత. అటువంటి గీతలతోనే నా ఉద్యోగం, నా జీతం, నా నడుంనొప్పి. ఏ సేంద్రియ రసాయనం దేనితో ఎంత వేగంగా కలుస్తుంది, ఎంత వేగంగా విడిపోతుంది అని కొలవడం నా పని. ఏం తయారైంది అని లోకమంతా అడుగుతుంది. ఎంతసేపట్లో తయారైంది, మధ్యలో ఎక్కడ ఆగింది అని మా బోటివాళ్ళం అడుగుతాం. ఇన్నేళ్ళూ ఫ్లాస్కు ముందు కూర్చున్న మనిషిని, ఇవాళ నేనే ఫ్లాస్కునై పడుకున్నాను. ముక్కు దురద పెడుతోంది. గోక్కోవచ్చో లేదో అడగలేదు.

ఇందాక ఇదే బల్ల మీద అక్క పడుకుంది. ఇప్పుడు అద్దం అవతల కుర్చీలో కూర్చుని ఉంటుంది, పక్కన బావ. ఈ ఆసుపత్రి వెనక భవనంలోనే బావ ప్రయోగశాల, అంచేత ఇక్కడ ఏ తలుపూ అతన్ని ఆపదు. అక్క కిడ్నీలు రెండూ కొన్నేళ్ళుగా పాడైపోతూ వస్తున్నాయి. నాది ఒకటి ఇస్తానంటాను నేను, అక్కర్లేదంటారు వాళ్ళిద్దరూ. ఎందుకక్కర్లేదంటే బావ పెంచిన మూలకణాలు పనిచేస్తున్నాయట. రోగి కొవ్వులోంచి తీసిన కణాలని గాజు పళ్ళేల్లో వేసి, వెచ్చటి పెట్టెల్లో వారాల తరబడి పెంచి, తిరిగి ఆ రోగికే ఎక్కిస్తారు. అవి వెళ్ళి చెడిపోయిన కిడ్నీని బాగుచేస్తాయా లేదా అని కొద్దిమంది మీద పరీక్ష చేస్తున్నారు, ఆ కొద్దిమందిలో అక్క ఒకతి. సొంత పెళ్ళాన్ని ఎలా చేర్చుకుంటావని, పరీక్షకి అనుమతిచ్చే కమిటీ వాళ్ళు నిలదీస్తే, వైద్యం సంగతంతా అక్కని చూసే కిడ్నీల డాక్టరమ్మకి అప్పగించేసి బావ కణాలు పెంచే గదికే పరిమితమయ్యాడు. కణాలు ఎక్కించాక అక్క రక్తంలో క్రియాటినిన్ తగ్గింది. కిడ్నీ చెడితే పెరిగే అంకె అది. ప్రతి పరీక్షకీ కాస్త కాస్తగా తగ్గుతూ వచ్చింది. బావ కేకు తెచ్చాడు. కేకు మీద ఆ అంకె రాయించాడు, పుట్టినరోజుకి వయసు రాయించినట్టు. అక్క ముక్కలు కోసి అందరికీ పెట్టి, తను మాత్రం వేలికంటిన క్రీము నాకి ఊరుకుంది. కడుపులో తిప్పుతోందంది.

కడుపులో తిప్పడం బాగుపడుతున్న మనిషి లక్షణమా అని నేను అప్పుడే అడిగి ఉంటే బావ ఏదో ఒకటి చెప్పేవాడు. బావ దగ్గర జవాబుకి లోటుండదు. నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో మా గైడు దగ్గర మాత్రం జవాబులుండేవి కావు, ప్రశ్నలే. ఆవిడ నోట్లో ఎప్పుడూ లవంగం, మాట కంటే ముందు వాసన వచ్చేది. నాకొక చర్య అప్పగించింది. పంపు ఒక ద్రవాన్ని సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా ఫ్లాస్కులో వేస్తుంటుంది, అది అక్కడ ముందు ఎర్రటి పదార్థంగా మారుతుంది, ఆ ఎరుపు మళ్ళీ విరిగి రంగులేని సరుకవుతుంది. ఎరుపుని తొందరగా విరగ్గొట్టే ఉత్ప్రేరకం దొరకాలి. ఒకరోజు కొత్తది చిటికెడు వేశాను, ఎరుపు తగ్గడం మొదలైంది, గులాబీ రంగైంది, దాదాపు నీళ్ళలా అయింది, నేను ల్యాబంతా చిందులు తొక్కాను. ఆవిడ వచ్చి ఫ్లాస్కు కేసి చూడనే లేదు, గొట్టం కొస పట్టుకుని వేలితో తుడిచి నాకు చూపించింది. గొట్టం పూడుకుపోయి ఉంది. ఎరుపు విరగడం కాదు, పుట్టడమే మానేసింది. తగ్గిందంటే పోయిందనుకుంటావేం, రావడం మానేసిందేమో చూశావా అని అడిగి, ఇంకో లవంగం నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది, తర్వాత ఆకలేసింది, తర్వాత గొట్టం కడిగాను. మా పనిలో ఎవరైనా పడే గొయ్యే అది, పడనివాళ్ళని నేను చూడలేదు.

అక్క వంటింట్లో సింకు దగ్గర ఆ మాట గుర్తొచ్చింది నాకు. అక్క పై అరలో గిన్నె పెట్టబోయి చెయ్యెత్తింది, వాచీ మణికట్టు మీంచి జారి ముంజేతి మధ్యదాకా పోయింది. పట్టీకి అసలు కన్నాలు చాలక, మేకుతో పొడిచినట్టు కొత్తవి రెండున్నాయి. ఆ చెయ్యి నాకు తెలిసిన చెయ్యి కాదు. మా అక్క బడిలో డ్రిల్లు టీచరు. పిల్లలు తాడు ఎక్కలేకపోతే తను ఎక్కి చూపించే రకం. నన్ను చిన్నప్పుడు వీపున వేసుకుని మూడంతస్తులూ ఆగకుండా ఎక్కేసేది, దిగమంటే దిగనిచ్చేది కాదు, నువ్వు నడిస్తే తెల్లారుతుంది పొట్టీ అనేది. దాని భుజాలు చూసి మా పెద్దమ్మ దీనికి మొగుడు దొరకడం కష్టమే అని బెంగపెట్టుకుంటే, ఆ భుజాలు చూసే బావ పడిపోయాడు. ఆ భుజాలు ఇప్పుడు లేవు. జాకెట్టు చేతులు గాలికి ఊగుతున్నాయి. క్రియాటినిన్ ఆకాశంలోంచి ఊడిపడదు, కండలోంచి వస్తుంది. కండ ఉన్నంత వస్తుంది, కిడ్నీ పంపినంత పోతుంది, మిగిలింది రక్తంలో కనబడుతుంది. తొట్టిలో నీళ్ళు తగ్గాయంటే అడుగున తూము తెరుచుకుందనే అనుకోవాలా, పైన కుళాయి కట్టేశారేమో చూడొద్దా? అక్క తినడం మానేసింది, అక్క కరిగిపోతోంది, కుళాయి సన్నబడింది, అంకె తగ్గింది. కిడ్నీ ఎక్కడున్నది అక్కడే ఉంది, ఇంకా కిందికే పోయిందేమో కూడా.

ఈ సంగతి బావకి తెలియదా అంటే, తెలుసు. పరీక్షలో అడిగితే పది మార్కుల జవాబు రాసిస్తాడు. రోజూ పక్కన కూర్చుని తినే మనిషి కరిగిపోతుంటే కళ్ళకి ఆనదు, అంతే. పైగా నాజూగ్గా తయారయ్యావే అని మెచ్చుకున్నాడు కూడాను, నేను విన్నాను. ఇరవయ్యేళ్ళకి పైగా ఆ కణాలతో కాపురం చేశాడు. సెలవురోజున వాటికి ఆహారం మార్చాలని పెళ్ళిళ్ళు ఎగ్గొట్టాడు. ప్రయాణాల్లో ఉంటే పెట్టె వేడి ఎంతుందని గంట గంటకీ ఫోన్ చేసి అడిగాడు. మా అక్క ఒకసారి, ఆ పళ్ళెంలోకి చూసినంత ప్రేమగా నన్నెప్పుడన్నా చూశారా అని అడిగితే, నువ్వు పళ్ళెంలో పట్టవు కదా అన్నాడట. అలాంటి మనిషికి జబ్బు వచ్చింది సొంత ఇంట్లో, మందు ఉన్నది సొంత చేతిలో. పనిచేసిందని నమ్మకుండా ఎలా ఉంటాడు, నేనైనా నమ్మేదాన్నే. కిడ్నీ ఇస్తానని మొదటిసారి అన్నప్పుడు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు మరదలా అని నవ్వి నన్ను తీసిపారేశాడు. రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు, ఇంకో ఆరు నెలలు ఆగుదాం, అంకె ఇంకా తగ్గుతుంది అన్నాడు. ఆరు నెలలు. డాక్టరమ్మ నాతో విడిగా ఏమందంటే, ఆపరేషన్ తట్టుకునే ఓపిక మీ అక్కకి ఇప్పుడుంది, ఇలాగే కరిగిపోతూ ఉంటే అప్పటికి ఉంటుందని నేను మాట ఇవ్వలేను అని. నేను వాచీ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అక్కకీ, కిడ్నీ ఇస్తానన్నదాన్ని కాబట్టి నాకూ, ఇద్దరికీ ఈ స్కానింగ్ రాసింది. ఇది కండతో పనిలేని లెక్క. ఎక్కించిన మందెంతో తెలుసు, పోయిందెంతో కెమెరా చూస్తుంది. గొట్టం పూడుకుపోయే బాధ లేదు. బావ ఒప్పుకున్నాడు, ఇంకో మంచి అంకె వస్తుంది కదా అని హుషారుగా ఒప్పుకున్నాడు, అదే నాకు గుండెల్లో కలుక్కుమంటోంది.

నీళ్ళు కిందికి దిగుతున్నాయి. పొత్తికడుపు బిగుస్తోంది. ఇంకా ఎంతసేపని అడిగితే మైకులోంచి, సగం అయిందండీ, బాగా పడుకున్నారు అని మెచ్చుకోలు వచ్చింది. బాగా పడుకున్నందుకు మెచ్చుకోలు నా జన్మలో ఇదే మొదలు. చిన్నప్పుడు అక్కా నేనూ ఒకే మంచం, నిద్రలో తన్నేదాన్నని పొద్దున్న లేచి కాళ్ళు కట్టేస్తానని బెదిరించేది. పైకప్పులో ఒక పలక రంగు వెలిసి ఉంది, నీరు కారి ఎండిపోయిన మరక. ఆ మరక పక్కన లైటు. ఏసీ గాలి పాదాల మీద కొడుతోంది, దుప్పటి కప్పమని అడగొచ్చు, అడిగితే వాళ్ళు తలుపు తీస్తారు, తలుపు తీస్తే అవతలి మాటలు వినబడతాయి, అవతల ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారో. అక్క గీత ఈపాటికి వచ్చేసి ఉండాలి. బావ చూసి ఉండాలి. చూసి ఏమనుకుంటాడు, యంత్రం చెడిందనుకుంటాడు. నేనైనా ముందు అదే అనుకుంటాను. నచ్చని గీత వస్తే ముందు యంత్రాన్ని, తర్వాత సరుకుని, ఆ తర్వాత పక్క బల్ల దగ్గర పనిచేసేవాణ్ణి అనుమానిస్తాం, మనల్ని మనం అనుమానించుకోవడం చిట్టచివరి పని.

మా శాస్త్రంలో ఒక సూత్రముంది, ల్యాబులో కొత్తగా చేరే పిల్లలకి మొదటిరోజే చెబుతాను. చర్య ఎన్ని మెట్లలో జరిగినా, అన్నిటికంటే నెమ్మదైన మెట్టు ఏదుందో దాని వేగమే మొత్తం వేగం. మిగతా మెట్లు ఎంత చురుగ్గా ఉన్నా లాభం లేదు. అందరం కలిసి ఎక్కడికన్నా బయల్దేరితే మా ఇంట్లో ఆ మెట్టు బావ. అన్నీ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాక తాళంచెవి వెతకడం మొదలుపెడతాడు. ఇవాళ ఆ మెట్టు నా నోరు. స్కానింగ్ ఎవరూ ఆపలేదు, డాక్టరమ్మ సిద్ధంగా ఉంది, నా రక్తం అక్క రక్తంతో సరిపోయింది, ఇంట్లో మా ఆయన కూడా, నీ శరీరం నీ ఇష్టం, కాకపోతే నాకు వంట నేర్పి వెళ్ళు అని ఒప్పుకున్నాడు. ఒక్క మాట దగ్గర ఆగిపోయింది అంతా. బావతో చెప్పాలి, నీ కణాలు పనిచెయ్యలేదు అని. పాము చావకుండా కర్ర విరగకుండా చెప్పే మాటలు నాకు చాలా వచ్చు, మా కాన్ఫరెన్సుల్లో అదొక విద్య. ఈ దత్తాంశాలని మరొక కోణంలో పరిశీలించవలసిన అవసరం ఉందేమో అంటాం, అంటే నువ్వు చేసింది తప్పురా నాయనా అని. అలా అన్నానంటే బావ పరిశీలిద్దాం అంటాడు, పరిశీలిస్తూ ఆరు నెలలు గడుపుతాడు. ఆలస్యం అమృతం విషం. అందుకని ఆ విద్య ఇవాళ వద్దు. ఉందేమో వద్దు, అనిపిస్తోంది వద్దు. బావా, నీ కణాలు పనిచెయ్యలేదు, అక్క కండ కరిగి అంకె తగ్గింది. ఇంతే. పెదవులు కదపకుండా మనసులో మళ్ళీ మళ్ళీ అనుకున్నాను, మొదట్లో సగంలోనే తెగిపోయింది, తర్వాత తర్వాత మామూలు వాక్యంలాగే ఉంది.

భయం లేదా అంటే, ఉంది. కత్తంటే భయం, మత్తుమందంటే ఇంకా భయం, మేలుకోకపోతే అన్న భయం. ఒంట్లోంచి ఒక ముక్క తీసుకెళ్ళిపోతే ఆ చోట ఏముంటుంది, ఖాళీయా, పేగులు జరిగి సర్దుకుంటాయా అని డాక్టరమ్మని అడిగితే, సర్దుకుంటాయి, బస్సులో జనం సర్దుకున్నట్టు అంది. ఆ మాట కొంచెం ధైర్యమిచ్చింది. బావ ముఖం చూడాల్సి వస్తుందన్న భయం మాత్రం దీనికంటే పెద్దది. అక్క ముఖం. అక్క ముఖం ఎలా ఉంటుంది? కేకు రోజున బావ కాగితం తెచ్చి అక్క చేతిలో పెట్టాడు, చూడవోయ్ ఎంత తగ్గిందో అని. అక్క కాగితం చూడలేదు. నాకిప్పుడు స్పష్టంగా కనబడుతోంది, అక్క బావని చూసింది. బావ కళ్ళు, బావ పళ్ళు, బావ నవ్వు. అలా చాలాసేపు చూసి, అమ్మయ్య అంది. అమ్మయ్య అన్నది అంకెకి కాదు. పోయిన నెలలో దాని బడికి వెళ్ళాను, మైదానంలో దండీలు తియ్యడం నేర్పుతోంది, ఒక పెద్ద తరగతి అమ్మాయిని ముందు నిలబెట్టి తియ్యమని, తను పక్కన నిలబడి లెక్కపెడుతోంది. నువ్వు తియ్యవేం అక్కా అంటే, వాళ్ళకీ నాయకత్వం అలవాటవ్వాలి కదే అంది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి బూటు లేసు కట్టుకుంది, ముందు విప్పింది, తర్వాత కట్టింది. అప్పుడు నేను మెట్టు పైనుంచి చూస్తూనే ఉన్నాను. ముడి బాగానే ఉన్న లేసు ఎందుకు విప్పుతోందని కూడా అనుకున్నాను, అనుకుని మరిచిపోయాను. ముప్పయ్యేళ్ళు ఇతరుల కండరాలు చూసి, నీ ఎడమ పిక్క బలహీనంగా ఉంది, నీ వీపు వంగింది అని దూరంనుంచే చెప్పేసే మనిషికి తన ఒంట్లో కండ పోతుంటే తెలియదా?

దానికి తెలుసు. పక్కకి తిరగబోయి ఆగాను, నడుము కదల్లేదు, కానీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో గీతలో కనబడుతుందేమో అని కంగారుపడ్డాను. అక్కకి తెలుసు. పనిచెయ్యడం లేదని మొదట్నుంచీ తెలుసు. తెలిసీ ఊరుకుంది. నా కిడ్నీ తీసుకుంటే, మొగుడి మందు పనిచెయ్యలేదని పెళ్ళామే ఊరంతా చాటినట్టు. అందుకని కరిగిపోతూ, అంకె తగ్గించుకుంటూ, కేకు కోసి పెట్టింది. ఆ మహానుభావుడు దాని కోసం నమ్ముతున్నాడు, ఇది ఆయన కోసం నమ్మినట్టు నటిస్తోంది, మధ్యలో చస్తున్నదెవరయ్యా అంటే ఇదే. ఒక్కసారిగా కోపం వచ్చింది నాకు, ఏడుపూ కోపమూ కలిసి. ఎవరిచ్చారే నీకు ఈ తెలివి? నన్ను మూడంతస్తులు మోసిన మనిషివి, ఒక్క మెట్టు నన్ను మొయ్యనివ్వవా? కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి వీల్లేదు. సరే కారనీ. ఇంతసేపూ బావ మీద జాలితో తటపటాయిస్తున్నాను, ఇప్పుడు ఆ తటపటాయింపు కూడా పోయింది. వాళ్ళిద్దరి ప్రేమ వాళ్ళది, దాన్ని గౌరవిస్తాను, దాని కోసం మా అక్కని మాత్రం వదులుకోను. లేవగానే చెబుతాను. బాత్రూముకి వెళ్ళి వచ్చి చెబుతాను. ఈ నీళ్ళతో నిలబడి ఎవరూ ఏ సత్యమూ చెప్పలేరు.

అయిపోయిందండీ, మెల్లగా లేవండి అంది మైకు. మెల్లగా లేవలేదు. పని చూసుకుని, ముఖం కడుక్కుని, అద్దం వెనక గది తలుపు తోసేసరికి, అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, బావ తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. తెర మీద అక్క గీత. నేను ఊహించిన దానికంటే దిగువనే ఉంది. కాస్త లేచి, అక్కడే బల్లపరుపుగా సాగిపోయింది, జారాల్సిన చోట జారలేదు. రక్తపరీక్ష లెక్క ప్రకారం అక్క కిడ్నీలు నాలుగోవంతు పనిచెయ్యాలి, ఈ గీత ప్రకారం పదోవంతు కూడా అనుమానమే.

"బావా," అన్నాను. "నీ కణాలు పనిచెయ్యలేదు. అక్క కండ కరిగిపోయింది, అందుకే అంకె తగ్గింది."

బావ వెనక్కి తిరగలేదు. మందు నరంలోకే వెళ్ళిందా, చర్మం కింద మిగిలిపోయిందా అని టెక్నీషియన్‌ని అడిగాడు. చేతిని కూడా కెమెరాతో చూశామనీ, అక్కడేమీ మిగల్లేదనీ ఆయన చెప్పాడు. బల్ల మీద కదిలిందేమో అని అడిగాడు. కదల్లేదన్నాడాయన. యంత్రాన్ని ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగాడు. ఇవాళ పొద్దున్నే అన్నాడు. బావ అడగాల్సినవన్నీ వరసగా, సరిగ్గా అడిగాడు, నేనైనా ఆ వరసలోనే అడిగేదాన్ని. ఇంక అడగడానికి ఏమీ మిగలక అక్క వైపు తిరిగాడు. ఈ గదిలోకి వచ్చాక, బహుశా ఈ ఏడాదిలోనే, అతను మా అక్కని చూడడం అదే మొదలనిపించింది. మెడ దగ్గర ఎముకలు చూశాడు, చేతులు చూశాడు.

"నాకు తెలుసండీ," అంది అక్క. "మీరు కేకు తెచ్చినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఎంత సంతోషంగా ఉన్నారో మీకు తెలీదు. ఎలా చెప్పను?"

బావ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. కళ్ళజోడు తీసి పట్టుకుని, పెట్టుకోవడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. టెక్నీషియన్ మర్యాదగా కాగితాలు సర్దుకుంటున్నాడు, సర్దినవే మళ్ళీ సర్దుకుంటున్నాడు. అక్క లేచి వెళ్ళి బావ తల మీద చెయ్యి వేసి నిలబడింది. కాసేపటికి బావ ఫోన్ తీసి డాక్టరమ్మకి చేశాడు. కొత్తగా ఎవరినీ చేర్చుకోవద్దన్నాడు. ఇప్పటిదాకా కణాలు ఎక్కించిన వాళ్ళందరికీ ఇదే స్కానింగ్ చేయిద్దామన్నాడు, అంకె తగ్గినవాళ్ళకి ముందు. ఒకరిద్దరికి నిజంగా తగ్గి ఉండొచ్చు, ఎవరికో మనకి తెలియాలి కదా అన్నాడు. ఫోన్ పెట్టేసి నా కేసి చూశాడు. ముఖం కమిలిపోయి ఉంది, అయినా మాట తడబడలేదు.

"గీతలు నువ్వే గియ్యాలి మరదలా. నేను గీస్తే మళ్ళీ నాకు కావలసినట్టే కనబడతాయి."

గీస్తానన్నాను. ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకోవచ్చో కనుక్కోమని కూడా అన్నాను. దానికి బావ కాదనలేదు, అక్క కేసి చూశాడు. అక్క నా కేసి చూడకుండా గోడ కేసి చూస్తోంది. ఇప్పుడు వద్దంటుంది, ఏదో ఒక వంక పెడుతుంది, బడిలో ఆటల పోటీలంటుంది, నీకు చిన్న పిల్లలున్నారే అంటుంది, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఈలోగా టెక్నీషియన్ నా గీతలు తెర మీద పెట్టాడు. రెండూ బాగా పనిచేస్తున్నాయండీ అన్నాడు. ఎడమది కుడిదానికంటే కాస్త మెరుగ్గా ఉందట. డాక్టర్లు మామూలుగా మెరుగైనదాన్ని ఇచ్చేవాళ్ళకే వదిలేసి, రెండోది తీస్తారట.

"మెరుగైనదే తియ్యమనండి. అక్కకే ఎక్కువ అవసరం," అన్నాను.

అక్క గోడ మీంచి చూపు తిప్పింది. తెర దగ్గరికి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా రెండు గీతలనీ ఒకదాని తర్వాత ఒకటి పైనుంచి కిందిదాకా చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి, గొంతు మాత్రం మైదానంలో గొంతే.

"ఎక్కువ మాట్లాడకు పొట్టీ. మెరుగైనది నువ్వుంచుకో. ఆ రెండోది నాకియ్యి."